ఎలుకల బుట్ట, దబ్బల చేట, మావు: మన పనిముట్లు చెప్పే చరిత్ర



హనుమాన్ జంక్షన్ దగ్గర నాలుగు దారులు కలుస్తాయి. ఒకటి విజయవాడకు, ఒకటి ఏలూరుకు, ఒకటి నూజివీడుకు, ఒకటి గుడివాడకు. నూజివీడు దారి పడితే మెట్ట పొలాలు, మామిడి తోటలు, తాటిచెట్లు. గుడివాడ దారి పడితే కాలువలు, వరి మాగాణి, ఇంకాస్త పక్కకు పోతే కొల్లేరు. ఈ రెండు నేలల మధ్య బతికిన యానాదులం, ఎరుకలం మనం. మెట్టలో దొరికిన తాటాకు, ఈతాకు, కొండల నుంచి దిగి వచ్చిన వెదురు పట్టుకుని మాగాణిలో పని చేసుకున్నాం.

మన తాతముత్తాతలకు శాసనాలు లేవు. దానపత్రాలు లేవు. పొలం పట్టాలూ లేవు. వాళ్ళ పేరుతో ఊళ్ళో రాయి కూడా ఎవరూ పాతలేదు. అయినా చరిత్ర లేనివాళ్ళం కాదు. వాళ్ళు వదిలిపోయిన దస్తావేజులు వేరే ఉన్నాయి. చూరు కింద వేలాడే ఎలుకల బుట్ట, మూలన బోర్లించిన ఊత, ధాన్యం చెరిగే చేట: ఇవే ఆ దస్తావేజులు. వాటిని చదవడం నేర్చుకుంటే డెల్టా చరిత్రలో మన పేజీ మనకు దొరుకుతుంది. ఈ సంచికలో ఆ పేజీని మీ ముందు పెడుతున్నాం.

పేర్లలోనే పనిముట్లు

ముందు మన పేర్లే చూడండి. ఎరుకల వారిలో దబ్బ ఎరుకలు ఉన్నారు. దబ్బ అంటే వెదురు చీలిక. ఈతపుల్లల ఎరుకలు ఉన్నారు. వాళ్ళది ఈతాకు బుట్టల పని. కుంచెపురి ఎరుకలు నేతపనికి కావలసిన కుంచె సామాను తయారు చేసేవాళ్ళు. ఉప్పు ఎరుకలు, కరివేపాకు ఎరుకలు ఆ సరుకులు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు. పరికముగ్గుల ఎరుకలు సోది చెప్పేవాళ్ళు. ఊరిపేరుతోనో రాజుపేరుతోనో కాకుండా చేతిలోని పనితో, భుజం మీది సరుకుతో మనకు పేర్లు వచ్చాయి.

దీని అర్థం ఒకటే. సాలెవారి మగ్గం నడవాలన్నా, రైతు కల్లంలో ధాన్యం ఇంటికి చేరాలన్నా, మెట్ట ఊళ్ళకు సముద్రపు ఉప్పు అందాలన్నా మధ్యలో మన చెయ్యి ఉండేది. మగ్గం గురించి రాసినవాళ్ళు ఉన్నారు. మగ్గానికి కుంచె కట్టినవాడి గురించి రాసినవాళ్ళు తక్కువ.

డెల్టా వరి, డెల్టా ఎలుక

బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని 1852లో మొదలై 1855కు పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆనకట్టతో కాలువలు, కాలువలతో వరి, వరితో గట్లు పెరిగాయి. గట్లు పెరిగిన చోట ఎలుకలూ పెరిగాయి. గట్టే ఎలుకకు ఇల్లు. పంటే దానికి గాదె. పందికొక్కు జాతి ఎలుక సుమారు మూడు వారాలకే ఈనుతుంది. వరి పొట్టదశకు వచ్చేసరికి పిలకల్ని ఏటవాలుగా కొరికి పడేస్తుంది. గింజ పాలు పోసుకున్నాక వెన్నులు కోసుకుపోయి కలుగులో దాస్తుంది.

ఆనకట్ట కట్టిన ఇంజనీర్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ నీళ్ళతో పండిన పంటను కలుగు కలుగునా కాపాడిన యానాదుల పేర్లు ఎక్కడా లేవు. ఉన్నది వాళ్ళ పనిముట్టు ఒక్కటే.

ఎలుకల బుట్టను చేతిలోకి తీసుకుని చూడండి. తాటాకుతోనో వెదురు బద్దలతోనో అల్లిన పొడవాటి బుట్ట. ఒక కొస మూసి ఉంటుంది. దానికి వంచి కట్టిన వెదురు బద్ద ఒకటి. ఆ బద్ద కొసన దారపు ఉచ్చు. లోపల నాలుగు గింజల ఎర, దాని దగ్గర బద్దను ఆపి ఉంచే చిన్న పుల్ల. ఎలుక తల లోపలికి పెట్టి ఎర కదిపితే పుల్ల జారుతుంది. వంచిన బద్ద ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. ఉచ్చు బిగుస్తుంది. ఊరిని బట్టి, చేసిన చేతిని బట్టి చిన్న చిన్న తేడాలున్నా కీలకం ఇదే. ఇనుము అక్కర్లేదు. మేకు అక్కర్లేదు. విల్లులో దాగిన బలాన్ని రాత్రంతా నిలిపి ఉంచి సరైన క్షణాన వదిలే యంత్రం అది. తమిళనాడు తంజావూరు ప్రాంతంలో కూడా ఈ విల్లు బోను వాడుకలో ఉంది.

బుట్ట చేయడం సగం పని. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం మిగతా సగం. ఎలుక ఎప్పుడూ ఒకే దారిన, గట్టు అంచు వెంట నడుస్తుంది. సాయంత్రం కలుగుల నోళ్ళన్నీ బురదతో మూసి, పొద్దున్నే వచ్చి ఏవి తెరుచుకున్నాయో చూస్తే ఎలుక ఏ కలుగులో ఉందో తెలుస్తుంది. కొత్త మట్టి కుప్ప, తడి ఆరని రెట్ట, తొక్కిన గడ్డి చూసి లెక్క కట్టాలి. కలుగులో ఎలుకే ఉంటుందని నమ్మకం లేదు. దాని వెనకే పోయిన నాగుపాము కూడా ఉండొచ్చు. ఆ తేడా కనిపెట్టలేనివాడు ఈ పనిలో ఎక్కువ కాలం నిలవడు. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఇప్పుడు శిక్షణ తరగతుల్లో రైతులకు చెప్పే గుర్తులు ఇవే. మన పిల్లలు వీటిని నాన్న వెనక గట్టు మీద నడుస్తూ నేర్చుకున్నారు.

కూలి ఎలుకల లెక్కన. ఇన్ని ఎలుకలకు ఇంత అని బేరం. కలుగు తవ్వినప్పుడు దొరికే వెన్నులు తవ్వినవాళ్ళకే అన్నది చాలా చోట్ల ఆనవాయితీ. భూమి లేనివాడికి ఎలుక దాచిన గింజే పంట. దీన్ని సిగ్గుగా చెప్పుకోనక్కర్లేదు. ఊరి ధాన్యం కాపాడి, పోయినదాన్ని నేల అడుగు నుంచి వెనక్కి తెచ్చిన కష్టం అది.

పొగకుండ: తెలివి, దాని ఖరీదు

బుట్టకు దొరకని ఎలుకకు పొగ పెడతారు. దీనికి పనిముట్టు ఒక మట్టికుండ. అడుగున చిన్న కన్నం. కుండలో ఎండుగడ్డి, ఆకులు నింపి నిప్పు వేస్తారు. కుండ మూతిని కలుగు నోటికి ఆనించి చుట్టూ బురదతో మెత్తుతారు. మిగతా కన్నాలన్నీ మూసేస్తారు. అడుగు కన్నం దగ్గర నోరు పెట్టి ఊదితే పొగ బయటికి రాకుండా కలుగులోకే పోతుంది. పొగకు ఆగలేక ఎలుక సొమ్మసిల్లడమో, పైకి రావడమో జరుగుతుంది. విషం లేదు, కాబట్టి నీళ్ళు పాడవవు. చచ్చిన ఎలుకను తిన్న గద్దా గుడ్లగూబా చావవు.

అయితే ఈ కుండకు ఒక ఖరీదు ఉంది. ఊదేవాడి పెదాలు కాలతాయి. చేతులు బొబ్బలెక్కుతాయి. పొగలో కొంత ఎలుకకు పోతే కొంత మనిషి గుండెల్లోకి పోతుంది. మన పెద్దల తెలివిని పొగుడుతూ ఈ దగ్గును మరిచిపోతే అది గౌరవం అనిపించుకోదు.

ఈ సమస్యను పట్టించుకున్నవాళ్ళూ ఉన్నారు. తమిళనాడులో ఇరుల అనే ఆదివాసీ కుటుంబాలు కూడా ఇదే కుండతో ఇదే పని చేస్తాయి. వాళ్ళ కోసం చెన్నైకి చెందిన సేతు సేతునారాయణన్ చేత్తో పిడి తిప్పితే గాలి కొట్టే ఉక్కు పొగయంత్రాన్ని ముందుకు తెచ్చారు. 2003లో ప్రపంచ బ్యాంకు అభివృద్ధి ఆలోచనలకు పెట్టిన పోటీలో దానికి నిధులు దక్కాయి. మన పశ్చిమ గోదావరిలో మార్టేరు వరి పరిశోధన కేంద్రం కూడా వరిగడ్డితో కలుగులకు పొగ పెట్టే యంత్రాన్ని తయారు చేసింది. రెండింటిలోనూ మూలసూత్రం మారలేదు. కలుగు నోరు మూయాలి, పొగను లోపలికి నెట్టాలి. మారింది మనిషి నోటి స్థానం ఒక్కటే. నోరు ఉన్న చోటికి పిడి వచ్చింది. పాత పనిముట్టును గౌరవించడం అంటే ఇలా దాని బాధను తీసేసి, బుద్ధిని నిలుపుకోవడం.

రావడానికే తప్ప పోవడానికి లేని ద్వారం

నీళ్ళ వైపు వెళ్దాం. ఊత మీ అందరికీ తెలుసు. పైన సన్నం, కింద వెడల్పు, రెండు వైపులా తెరిచి ఉండే వెదురు బుట్ట. మోకాలి లోతు నీళ్ళలో చేప కదలిక కనిపించగానే దాన్ని బోర్లిస్తారు. పై కన్నంలోంచి చెయ్యి పెట్టి చేపను తడిమి పట్టుకుంటారు. వల కొనలేనివాడి వల అది.

మావు ఇంకా చిత్రమైనది. సన్నని వెదురు పుల్లలు వరసగా కట్టి పెట్టెలా చేస్తారు. దాని నోటి దగ్గర పుల్లలన్నీ లోపలి వైపుకు వాలి, కొసలు దగ్గరపడి ఉంటాయి. చేప వాటిని తోసుకుని లోపలికి పోగలదు. తిరిగి రాబోతే పుల్లల మొనలు ఎదురు నిలుస్తాయి. తలుపు లేదు, గొళ్ళెం లేదు, కాపలా మనిషి లేడు. నీటి వాలున పెట్టి ఇంటికి పోయి పడుకోవచ్చు. ఈ సూత్రంతో చేసిన బోనులు ప్రపంచంలో ఎన్నో దేశాల జాలర్ల దగ్గర ఉన్నాయి. కొల్లేరు చుట్టూ మావు మనకే కాదు, ఇతర చేపల వృత్తుల వారికీ సొంతమే. మావు పుల్లల మధ్య సందు వదలడంలో ఇంకో లెక్క ఉంది. సన్న పిల్ల ఆ సందులోంచి జారిపోతుంది. అది పెరిగి మళ్ళీ దొరుకుతుంది. రేపటి చేపను రేపటికి వదిలిన పనిముట్టు అది.

ఈనాడు ఊతకు నీళ్ళు లేవు. కొల్లేరు చుట్టూ, గుడివాడ వైపు ఎన్నో పొలాలు చేపల చెరువులయ్యాయి. చెరువు నీటికి యజమాని ఉన్నాడు, చేపకూ యజమాని ఉన్నాడు. ఒకప్పుడు కాలువ చేపను పడితే వేట. ఇప్పుడు అదే చెయ్యి అదే ఊతతో చెరువులో దిగితే దొంగతనం. పనిముట్టు మారలేదు. దాని చుట్టూ ఉన్న హక్కు మారింది.

దబ్బ నేర్పిన చదువు

వెదురు పని చూసేవాళ్ళకు సులువుగా కనిపిస్తుంది. చేసేవాళ్ళకు అది చదువు. లేత వెదురు ముడుచుకుపోతుంది, మరీ ముదిరింది పెళుసుగా విరుగుతుంది. కొట్టిన వెదురును నీళ్ళలో నానేస్తే దానిలోని పిండిపదార్థం కొంత కరిగిపోయి పురుగు తక్కువ పడుతుంది. చీల్చేటప్పుడు పైతోలు వైపు దబ్బ గట్టిది. అంచులకు, బరువు మోసే చోటికి అది. లోపలి వైపు దబ్బ మెత్తనిది. నడుమ అల్లికకు ఇది. కత్తి ఒకటే. కొలబద్ద లేదు. జానెడు, బెత్తెడు, మూరెడు అంటూ ఒళ్ళే కొలత.

చేట చూడండి. మూడు వైపులా అంచు, ఒక వైపు తెరిచి. ఎగరేసి పట్టుకునే దెబ్బకు పొట్టు ముందుకు పోతుంది, గింజ వెనక్కి జారుతుంది. చెరగడం ఒక పని. రాళ్ళు వేరు చేస్తూ నేమడం ఇంకో పని. ఒకే పనిముట్టుతో చేతి ఊపు మార్చి రెండు పనులు చేయించారు. సన్న కన్నాలు పూడ్చడానికి మెంతిపిండి కలిపిన కాగితం గుజ్జు పూసి ఎండబెట్టడం ఆడవాళ్ళ ఉపాయం. చేట పాతబడ్డా పారేయనవసరం లేదు, మళ్ళీ పూస్తే మళ్ళీ కొత్తదే.

ధాన్యం దాచే గుమ్మి, కోళ్ళ గంప, దూడ మూతికి కట్టే చిక్కం, పేడ తట్ట, తడక: పల్లె బతుకులో దబ్బ లేని మూల లేదు. కాలువ నీరు అందని ఎత్తు చేలకు ఇద్దరు మనుషులు అటూ ఇటూ నిలబడి తాళ్ళతో ఊపి నీళ్ళు తోడే గూడ కూడా వెదురుతోనో తాటాకుతోనో చేసిందే. రేకు గూడ తర్వాత వచ్చింది.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. అడవిలో ఉన్నవాళ్ళకు అది మేలు. డెల్టాలో ఉన్న మనకు అడవి లేదు. గడ వెదురు డబ్బు పెట్టి కొనాలి. బుట్ట అమ్మాలంటే ప్లాస్టిక్ తట్టతో పోటీ పడాలి. దబ్బ పని తగ్గిపోవడానికి చేతకానితనం కారణం కాదు. ముడిసరుకు మీద మనకు హక్కు లేకపోవడమే కారణం.

పనిముట్టు నేరమైన కాలం

ఇంత పని తెలిసినవాళ్ళను ప్రభుత్వం ఏ పేరుతో పుస్తకాల్లో రాసుకుంది? 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. ఎరుకల కుటుంబాలను ఆ జాబితాలో చేర్చారు. పుట్టుకే నేరం అన్న చట్టం అది. పేరు నమోదు, హాజరీ, ఊరు దాటాలంటే అనుమతి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, విజయవాడకు కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరం సెటిల్మెంట్లలో మనవాళ్ళను ఉంచారు. సాల్వేషన్ ఆర్మీ వాటిని నడిపింది.

ఆలోచించండి. ఉప్పు మోసేవాడికి తిరగడమే వృత్తి. చట్టం తిరగడాన్నే నేరం చేసింది. ఎలుక పట్టేవాడికి చీకట్లో గట్టు మీద ఉండటమే పని. చీకట్లో ఉన్నవాణ్ణి అనుమానించడమే పోలీసు పని అయింది. రైతు చేతిలో గునపం వ్యవసాయం, మన చేతిలో గునపం కన్నం వేయడానికి అన్నారు.

1909లో ఎడ్గార్ థర్స్టన్, కె. రంగాచారి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వెలువరించారు. అందులో యానాదులు కర్రను కర్రతో మథించి నిప్పు పుట్టించడం ఉంది. 1835లో శ్రీహరికోట ప్రభుత్వం చేతికి వచ్చినప్పుడు, యానాదులు మాత్రమే సేకరించగలిగిన అటవీ సరుకు కోసం వాళ్ళకు తిండిగింజలు, బట్టలు ఇచ్చిన సంగతీ ఉంది. అంటే మన నైపుణ్యం సర్కారుకు తెలుసు. తెలిసీ దానికి విలువ కట్టకుండా, మనకు ముద్ర వేశారు. 1960ల చివర్లో రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోటను ఎంచుకున్నప్పుడు అక్కడి యానాదులు తావు వదలాల్సి వచ్చింది. కర్రతో నిప్పు చేసినవాళ్ళ నేల మీదుగానే దేశం నిప్పులు చిమ్ముతూ ఆకాశానికి వెళ్ళింది.

నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. దాని మీద పోరాడినవారిలో నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య ముఖ్యులు. యానాదుల గురించి ఆయన పుస్తకం రాశారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. చట్టం పోయింది కానీ చూపు పూర్తిగా పోలేదని మీలో చాలామందికి స్కూల్లోనో హాస్టల్లోనో తెలిసే ఉంటుంది. ఆ చూపుకు జవాబు ఈ పనిముట్లలో ఉంది.

తెలివికి గుర్తింపు ఎలా వస్తుంది

ఇరుల వారి కథ మనకు పాఠం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో పాము తోళ్ళ వ్యాపారం ఆగిపోయి వాళ్ళ జీవనం దెబ్బతింది. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో వాళ్ళు చెన్నై దగ్గర పాములు పట్టేవారి సహకార సంఘం పెట్టుకున్నారు. పామును పట్టి, విషం తీసి, తిరిగి వదిలేస్తారు. ఆ విషం నుంచే పాము కాటుకు మందు తయారవుతుంది. అదే కొక్కెపు కర్ర, అదే చూపు, అదే చెయ్యి. మారింది సంఘం, లెక్కల పుస్తకం, ధర నిర్ణయించుకునే హక్కు. 2023లో ఆ తెగకు చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్ పద్మశ్రీ అందుకున్నారు. వాళ్ళ చదువు బడిది కాదు, పొదలది.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో యానాదులు, ఎరుకలు చెరో ఐదు లక్షల పైచిలుకు ఉన్నారు. ఇంతమందిలో ఇంత తెలివి ఉంటే దాన్ని ఒక చోటికి చేర్చడం కష్టమా?

మీ చేతిలోని పని

మేము కోరేది పెద్ద ఖర్చు పని కాదు. మీ ఇంట్లోనో పక్క గూడెంలోనో ఉన్న ఒక్క పనిముట్టు తీసుకోండి. దాని పేరు తెలుగులో ఏమిటి, కుర్రు భాషలో ఏమిటి, దానిలోని ఒక్కో భాగాన్ని తాతయ్య ఏమంటాడు రాయండి. ఏ చెట్టు, ఏ నెలలో కొట్టాలి, ఎన్ని జానల పొడవు, ఎన్ని రోజుల పని రాయండి. చేసే చేతుల్ని ఫోన్‌లో వీడియో తీయండి. ముఖం ఒక్కటే చాలదు, వేళ్ళు కనిపించాలి. చేసినవారి పేరు వారిని అడిగి, వారు ఒప్పుకుంటే తప్పక రాయండి. మన చరిత్రలో ఇప్పటిదాకా లోపించినది ఆ పేరే.

ఆ తర్వాత ఇంకో ప్రశ్న అడగండి: ఈ పనిలో నీకు ఎక్కడ నొప్పి? కుండ ఊదే చోటనా, దబ్బ చీల్చే వేలి దగ్గరా, నడుము దగ్గరా? ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ చదువుతున్న మన పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఏముంటుంది?

ఎలుకల బుట్ట అల్లే పెద్దవాళ్ళు ప్రతి గూడెంలో ఇంకా ఒకరిద్దరే మిగిలి ఉన్నారు. గూడేనికి గ్రంథాలయాలు వాళ్ళే. ఈ పంటకాలం పోకముందే వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి. ఒక బద్ద వంచడం నేర్చుకోండి.